మా మోటార్ల షాపు పేరు వేయించి కానుకలు ఇవ్వాలనుకుంటున్నాం: ఏవి, ఎవరికి ఇస్తే పనికివస్తాయి?

మెట్ట_మోటార్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, జంగారెడ్డిగూడేనికి దగ్గరలోని ఒక మండల కేంద్రంలో మాకు బోరు మోటార్లు, స్టార్టర్లు, కేబుల్, పీవీసీ పైపులు, ఇంటి వైరింగు సామాను అమ్మే షాపు ఉంది. నాన్నగారు మొదలుపెట్టిన ఈ వ్యాపారాన్ని ఇప్పుడు నేనూ మా తమ్ముడూ చూసుకుంటున్నాం. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఆయిల్‌పామ్, కోకో, పొగాకు, మొక్కజొన్న వేసే రైతులు. మిగిలినవారు ఇల్లు కట్టుకుంటున్నవారు, వారి తరఫున సామాను రాయించుకుని తీసుకువెళ్లే ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, పొలాల్లో మోటార్లు దించే మెకానిక్కులు.

ఇంతకాలం షాపు ముందున్న బోర్డు తప్ప మాకు వేరే ప్రచారం లేదు, దాని అవసరమూ రాలేదు. ఈ మధ్య మా రోడ్డులోనే ఇదే వ్యాపారం మరో ఇద్దరు ప్రారంభించారు. వారిలో ఒకరు పోయిన సంక్రాంతికి క్యాలెండర్లు, టోపీలు పంచారు. అందువల్ల వచ్చే ఏడాదికి మేమూ షాపు పేరు వేయించిన వస్తువులు ఇద్దామని 60,000 రూపాయలు పక్కన పెట్టాం. మొన్న ఒక ఏజెంటు వచ్చి 1000 క్యాలెండర్లు, 1000 పెన్నులు, 500 కీచైన్లు, 100 గోడ గడియారాలు కలిపి మేము అనుకున్న సొమ్ములోనే సర్దుతానని చెప్పారు. దసరా దాటితే క్యాలెండర్ల ధర పెరుగుతుందని, వెంటనే అడ్వాన్సు ఇమ్మని అంటున్నారు. తమ్ముడికి గడియారాల మీద మనసుంది. ఇంట్లో గోడకు ఎక్కితే ఏళ్ల తరబడి మన పేరు కనిపిస్తుందని అతని వాదన. అమ్మగారు మాత్రం గుడ్డ సంచులైతే ఆడవారు పారేయరు, బజారుకు పట్టుకెళతారు అంటున్నారు.

నాకు తెలుసుకోవాలని ఉన్నవి ఇవి. ఒకే రకం వస్తువు అందరికీ ఇవ్వడం మంచిదా, లేక రైతులకు ఒకటి, మెకానిక్కులకు ఒకటి వేరుగా ఇవ్వాలా? ముద్రణ విషయంలో ఏం చూసుకోవాలి? ఈ ఖర్చును పన్ను లెక్కల్లో ఎలా చూపించాలి? ఇటువంటి వ్యాపారంలో ఉండి, నిజంగా ఇచ్చి చూసినవారు చెబితే చాలా మేలు చేసినవారవుతారు.

అనంత_బోర్లు

మీ ప్రశ్నలో వస్తువులు ముందు వచ్చాయి, మనుషులు తర్వాత వచ్చారు. ఆ వరుసను తిరగేసి ఆలోచించమని నా మనవి. మాది అనంతపురం జిల్లా, లోతు బోర్ల ప్రాంతం. మోటార్ల అమ్మకం, వైండింగు (మోటారు లోపల కాలిపోయిన తీగచుట్టను తీసి కొత్తది చుట్టడం) రెండూ మాకు ఉన్నాయి కనుక మీ వ్యాపారం నాకు బాగా తెలిసినదే.

రైతుకు మీ షాపు ఎప్పుడు గుర్తుకు రావాలో మొదట తేల్చుకోండి. పండగ రోజున గుర్తుకు వచ్చి ప్రయోజనం లేదు. ఎండాకాలంలో నీటిమట్టం దిగిపోయి మోటారు ఖాళీగా తిరిగినప్పుడో, వోల్టేజి పడిపోయినప్పుడో, మూడు ఫేజుల్లో ఒకటి పోయి మిగిలిన రెండింటి మీద మోటారు నడిచి వైండింగు కాలిపోయినప్పుడో ఆయనకు మనతో పని పడుతుంది. ఆ సమయంలో ఆయన ఇంట్లో గోడ గడియారం ముందు కూర్చుని ఉండరు. పొలంలో, స్టార్టరు డబ్బా తలుపు తెరిచి నిలబడి ఉంటారు. కాబట్టి మన పేరు, ఫోను నంబరు ఉండవలసిన చోటు ఆ డబ్బా తలుపు లోపలి వైపు.

మేము కొన్నేళ్లుగా చేస్తున్న పని ఇదే. అరచేతికి కొంచెం పెద్దదిగా ఒక వినైల్ స్టిక్కరు వేయించి, మేము అమ్మిన ప్రతి మోటారుతోపాటు, వైండింగు చేసి ఇచ్చిన ప్రతి మోటారుతోపాటు మా మనిషే వెళ్లి అతికించి వస్తాడు. అయితే అది కేవలం షాపు పేరున్న స్టిక్కరు అయితే రైతుకు దానితో పని లేదు. మా స్టిక్కరులో పైన మూడో వంతు మాత్రమే మా పేరు, నంబరు. మిగిలిన భాగమంతా ఖాళీ గళ్లు: మోటారు హెచ్‌పీ (హార్స్‌పవర్), పంపు స్టేజీలు (నీటిని పైకి నెట్టే చక్రాల వరసలు), బోరు మొత్తం లోతు, మోటారు దించిన లోతు, పైపు సైజు, కేబుల్ సైజు, దించిన తేదీ, చివరిసారి వైండింగు చేసిన తేదీ. దించిన రోజునే మెకానిక్కు ఆ గళ్లు నింపుతాడు.

ఈ వివరాలు ఎందుకంత ముఖ్యమో మీకు నేను చెప్పనవసరం లేదు గాని, ఇది చదివే ఇతర వ్యాపారుల కోసం రాస్తున్నాను. మోటారు మార్చవలసి వచ్చినప్పుడు లోతు తెలియకుండా స్టేజీలు ఎంచుకోలేము. ఎక్కువ లోతుకు తక్కువ స్టేజీల పంపు పెడితే నీరు పైకి రాదు. తక్కువ లోతుకు ఎక్కువ స్టేజీలది పెడితే అవసరానికి మించి నీరు తోడుతూ మోటారు మీద భారం పెంచుకుంటుంది. బోరు వేయించింది తండ్రి అయి, ఇప్పుడు సేద్యం చేస్తున్నది కొడుకు అయితే, ఎన్ని పైపులు దించారో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. మోటారు పైకి తీసేదాకా ఎవరూ ఏమీ చెప్పలేని స్థితి. ఆ స్టిక్కరు ఉంటే రైతు పొలం నుంచే ఫోను చేసి, గళ్లలో ఉన్నది చదివి వినిపిస్తే, మనం సరైన పంపును, సరిపడా కేబుల్‌ను బండిలో వేసుకుని వెళ్లవచ్చు. ఎండిపోతున్న తోటకు ఒక రోజు ముందు నీళ్లు అందుతాయి. ఆ మేలు చేసిన షాపును రైతు మరిచిపోడు, పక్క పొలం వారికి కూడా చెబుతాడు. వేరే షాపు మెకానిక్కు వచ్చినా ఆ స్టిక్కరును పీకేయడు, ఎందుకంటే అందులోని వివరాలు అతనికీ అవసరమే.

దీని ఖరీదు మీరు చెప్పిన గడియారంతో పోలిస్తే చాలా స్వల్పం. మీ సొమ్ములో మొదటి భాగం దీనికి కేటాయించండి. పాత ఖాతాదారుల జాబితా తీసుకుని, వేసవికి ముందే, అంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఊరూరా తిరిగి అతికించి రండి. అలా వెళ్లినప్పుడు స్టార్టరులో వదులైన స్క్రూలు బిగించి, కాంటాక్టులు చూసి వస్తే అది ఏ కానుక కన్నా ఎక్కువ.

రెండవ భాగం మెకానిక్కులకు. ఏ కంపెనీ మోటారు కొనాలో, ఏ షాపులో కొనాలో చాలాసార్లు వారే చెబుతారు. వారు ముప్పై నలభై మందికి మించి ఉండరు కాబట్టి, వారికి చవక వస్తువు ఇవ్వకుండా మంచిది ఒకటి ఇవ్వండి. క్యాలెండర్ల సంగతికి వస్తే, ఖాతాదారుల ఇళ్లకు సరిపడా వేయించండి, వెయ్యి అక్కరలేదు. మా ఊళ్లో ప్రతి ఇంటికీ నగల కొట్టు వారిది, ఎరువుల కొట్టు వారిది, చిట్టీల కంపెనీ వారిది, బ్యాంకు వారిది, ఇలా నాలుగైదు వస్తాయి. గోడ మీద ఉండేది ఒకటి, రెండు. మిగిలినవి పిల్లల పుస్తకాలకు అట్టలవుతాయి, లేదా అలమరలో సామాను కింద పరుస్తారు.

బెజవాడ_ప్రింటింగ్

అనంతపురం వారి స్టిక్కరు ఆలోచన చాలా గొప్పగా ఉంది. ఈ పనిలో ఎంతోకాలంగా ఉన్నవాడిగా నేను ముద్రణకు సంబంధించిన సంగతులు చెబుతాను.

స్టిక్కరు కాగితంది వేయించవద్దు. ఎండ, వాన, స్టార్టరు డబ్బా వేడి తట్టుకోవాలంటే వినైల్ మీద వేసి, పైన లామినేషన్ చేయించాలి. గళ్లలో రాయాలి కనుక మెరిసే లామినేషన్ కాకుండా మాట్ లామినేషన్ అడగండి. దాని మీద పర్మనెంటు మార్కరు చక్కగా పడుతుంది. అతికించే ముందు డబ్బా తలుపును పొడిగుడ్డతో తుడిచి, తుప్పు, నూనె జిడ్డు లేకుండా చూడాలి. ఎంత మంచి జిగురైనా దుమ్ము మీద నిలవదు.

పెన్నులు, కీచైన్లు వంటి ప్లాస్టిక్ వస్తువుల మీద అక్షరాలు కొద్ది రోజులకే చెరిగిపోవడం మీరు చూసే ఉంటారు. పాలీప్రొపిలీన్ అనే రకం ప్లాస్టిక్‌కు సిరా సహజంగా పట్టదు. ముందుగా దాని పైపొరను సిద్ధం చేసుకుని, తగిన సిరా వాడితేనే నిలుస్తుంది. చవకగా చేసేవారు ఆ పని చేయరు. అందుకే శాంపిల్ ఇచ్చినప్పుడు దాని మీద సెల్లోటేపు గట్టిగా అతికించి ఒక్కసారిగా లాగి చూడండి. అక్షరం టేపుతోపాటు వస్తే ఆ వస్తువు వద్దని చెప్పండి. స్టీలు వస్తువులైతే లేజరుతో చెక్కించడం మంచిది. రంగు ఉండదు గాని, ఎంతకాలం తోమినా చెరగదు. స్క్రీన్ ప్రింటింగులో ప్రతి రంగుకూ ఒక స్క్రీను వేరుగా తయారు చేయాలి కాబట్టి, తక్కువ సంఖ్యలో వేయించేటప్పుడు రంగులు పెరిగేకొద్దీ ఒక్కో వస్తువు మీద పడే ఖర్చు పెరుగుతుంది. ఒకే ముదురు రంగులో, పెద్ద అక్షరాలతో షాపు పేరు వేయిస్తే ఖర్చు తగ్గుతుంది, దూరానికి కూడా కనిపిస్తుంది.

తెలుగు అక్షరాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మన డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ అను ఫాంట్ల వాడకం చాలా ఉంది, అవి యూనికోడ్ కావు. మీరు ఫోనులో టైపు చేసి పంపిన తెలుగును వారు తమ సాఫ్ట్‌వేరులోకి తీసుకునేటప్పుడు ఒత్తులు ఎగిరిపోవడం, గుణింతాలు తారుమారు కావడం మామూలే. అదే ఫైలు శివకాశికో, ముంబయికో వెళితే అక్కడ తెలుగు చదివి సరిచూసేవారు ఉండకపోవచ్చు. అందువల్ల ఇక్కడే తెలుగు తెలిసినవారితో డిజైను చేయించి, అక్షరాలను కర్వులుగా, అంటే ఫాంటుతో పని లేని గీతల బొమ్మగా మార్చిన కోరల్‌డ్రా ఫైలును గానీ, పీడీఎఫ్‌ను గానీ మాత్రమే బయటి ఊరికి పంపండి. తుది ప్రూఫు వచ్చాక దాని మీద ఉన్న ఫోను నంబరును చూసి, ఆ నంబరుకు ఒకసారి డయల్ చేయండి. మీ షాపు ఫోను మోగితేనే సంతకం పెట్టండి.

క్యాలెండర్లకు ముందుగా ఆర్డరు పెట్టమని ఏజెంటు అనడంలో న్యాయం ఉంది, ఎందుకంటే శివకాశి ప్రెస్సులకు దసరా, దీపావళి సమయంలో దేశమంతటి నుంచి పని వచ్చి పడుతుంది. అయితే మీవంటి వారికి కావలసినవి సాధారణంగా ముందే ముద్రించి ఉంచిన క్యాలెండర్లు. అడుగున వదిలిన పట్టీలో మీ పేరు మాత్రం వేస్తారు. ఆ పని విజయవాడలోనూ, రాజమండ్రిలోనూ తక్కువ సంఖ్యకు కూడా చేస్తారు. బొమ్మ కన్నా పంచాంగం ముఖ్యం. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం స్పష్టంగా ఉండి, అంకెలు పెద్దవిగా ఉండి, పాల లెక్క రాసుకోవడానికి గళ్లలో కొంచెం ఖాళీ ఉన్న క్యాలెండరును ఇంటి ఇల్లాలు ఏరి మరీ గోడకు తగిలిస్తారు. రంజాన్, క్రిస్మస్ వంటి పండగలు కూడా సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి, మీ ఖాతాదారుల్లో అన్ని మతాలవారూ ఉంటారు.

బొమ్మల విషయంలో ఒక చట్టం ఉంది, చాలామందికి తెలియదు. 1950లో వచ్చిన చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నివారణ చట్టం ప్రకారం మహాత్మా గాంధీ, నెహ్రూ, ఇందిరా గాంధీ, ఛత్రపతి శివాజీ, పదవిలో ఉన్న ప్రధానమంత్రి వంటివారి పేర్లను, చిత్రాలను కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా వ్యాపారానికి వాడుకోకూడదు. క్యాలెండర్లకు అందులో ఒక మినహాయింపు ఉన్నా, అది తయారీదారు, ముద్రాపకుల పేర్లు మాత్రమే ఉండి, సరుకుల ప్రచారానికి వాడని క్యాలెండర్లకే వర్తిస్తుంది. మీ షాపు పేరు వేసి పంచేది ప్రచార క్యాలెండరు అవుతుంది కనుక దేవుడి బొమ్మో, ప్రకృతి దృశ్యమో, మీ ప్రాంతపు తోటల ఫొటోనో తీసుకోండి. సినిమా నటుల ఫొటోలు కూడా వారి అనుమతి లేకుండా వేయవద్దు.

మెట్ట_మోటార్లు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. స్టిక్కరు మాట చదివిన వెంటనే తమ్ముడికి చూపించాను. గడియారాల పట్టు వదిలి, మా పాత బిల్లు పుస్తకాల నుంచి మోటార్లు కొన్నవారి పేర్లు ఊరి వారీగా రాయడం అప్పుడే మొదలుపెట్టాడు. బోరు మోటార్లు మా అమ్మకంలో పెద్ద భాగమై ఉండి కూడా వాటికి సరిపోయే ప్రచారం ఏదో మాకు ఇంతవరకు తట్టలేదు.

ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. అమ్మగారు చెప్పిన సంచుల సంగతి ఎవరూ ప్రస్తావించలేదు; అవి వేయించవచ్చా? మెకానిక్కులకు మంచి వస్తువు ఇవ్వమన్నారు, అది ఏదైతే బాగుంటుంది? ఏజెంటు కేటలాగులో లైన్ టెస్టర్లు కూడా ఉన్నాయి, ఒక్కొక్కటి చాలా తక్కువ ధరకే వస్తున్నాయి.

వైరింగ్_మేస్త్రి

ఆ టెస్టర్లు దయచేసి తీసుకోవద్దండి. నేను ఇరవై ఏళ్లకు పైగా ఖమ్మం చుట్టుపక్కల ఇళ్ల వైరింగు, మోటార్ల పని చేస్తున్నాను. ఇలా ఊరికే వచ్చిన టెస్టర్లను నమ్ముకుని పనిచేసేవారిని తలచుకుంటే నాకు భయం వేస్తుంది. టెస్టరులో చిన్న నియాన్ దీపంతోపాటు ఒక రెసిస్టరు ఉంటుంది. మన వేలి గుండా వెళ్లే కరెంటును ప్రాణానికి హాని లేనంత తక్కువకు పరిమితం చేసేది ఆ రెసిస్టరే. నాసిరకం టెస్టరులో అది సరైనది కాకపోతే, లేదా లోపల షార్టు అయితే, ఆ కరెంటు నేరుగా మనిషి గుండా పోతుంది. దీపం వెలగకపోవడం కూడా అంతే ప్రమాదం; లైను లేదనుకుని మనిషి తీగ పట్టుకుంటాడు. మీ షాపు పేరున్న వస్తువు వల్ల ఒక మనిషికి ఏమైనా జరిగితే దానిని ఏ ప్రచారమూ పూడ్చలేదు. టెస్టరే ఇవ్వాలనుకుంటే పేరున్న కంపెనీది కొని, దాని ప్యాకెట్టు మీద మీ స్టిక్కరు వేసి ఇవ్వండి.

మాకు నిజంగా పనికివచ్చేవి నేను చెబుతాను. మంచి ఉక్కు పట్టీ ఉన్న 5 మీటర్ల కొలత టేపు రోజూ నడుముకు తగిలించుకుంటాం. ఇంటి యజమాని, మేస్త్రి, వడ్రంగి అందరూ దానిని చూస్తారు, అడిగి తీసుకుని కొలుచుకుంటారు. సామాను వేసుకోవడానికి మందపాటి కాన్వాసు సంచి, లోపల అరలు, గట్టి జిప్పు, భుజానికి వేసుకునే పట్టీ ఉన్నది ఇస్తే, అది చిరిగేదాకా వాడతాం. ఆ సంచి వేసుకుని ఇంటింటికీ, పొలం పొలానికీ తిరిగేది మేమే. మీ దగ్గర పైపులు, కేబుల్ కొనేవారు మమ్మల్ని పిలిచేవారే కనుక, దాని మీద ఉన్న పేరు చూడవలసినవారి కంటపడుతుంది. కాన్వాసు సంచికి అయ్యే డబ్బు పెన్నులు, కీచైన్ల ధరతో పోలిస్తే ఎక్కువే, కానీ మీరు ఇవ్వవలసినది ముప్పై నలభై మందికే కదా.

ఇక్కడ నా మనసులోని మాట ఒకటి చెప్పాలి. కొన్ని షాపులవారు సామాను రాయించిన మేస్త్రులకు బిల్లు మీద ఇంత శాతమని చేతిలో పెడతారు. ఆ డబ్బు చివరికి ఇంటి యజమాని బిల్లులోకే ఎక్కుతుంది, అది యజమానికి తెలిసిన రోజున మేస్త్రికీ షాపుకూ ఇద్దరికీ పేరు పోతుంది. పనిముట్టు ఇవ్వడం అటువంటిది కాదు. మా పనిని గౌరవించి, మా చేతికి మంచి వస్తువు ఇచ్చారని మేము అనుకుంటాం, నలుగురి ముందు ధైర్యంగా వాడుకుంటాం. ఇచ్చేటప్పుడు కౌంటరు మీద నుంచి తోసేయకుండా, ఉగాదికో, ఆయుధపూజకో పిలిచి, టీ ఇచ్చి, కొత్త స్టార్టరు ఏదైనా వచ్చి ఉంటే దాని కనెక్షను చూపించి ఇవ్వండి. నేర్చుకున్న పని, ఇచ్చిన సంచి రెండూ మాకు గుర్తుంటాయి.

బెజవాడ_ప్రింటింగ్

సంచుల గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. బజారులో గుడ్డ సంచి పేరుతో అమ్ముతున్న వాటిలో చాలావరకు గుడ్డవి కావు. నాన్‌వోవెన్ అనే పాలీప్రొపిలీన్ సంచులు, అంటే ప్లాస్టిక్కే. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం 2021 సెప్టెంబరు 30 నుంచి చదరపు మీటరుకు 60 గ్రాముల కన్నా తక్కువ బరువున్న నాన్‌వోవెన్ సంచులు నిషిద్ధం. మామూలు ప్లాస్టిక్ సంచులకు 2022 డిసెంబరు 31 నుంచి కనీస మందం 120 మైక్రాన్లు. పంచాయతీ, మునిసిపాలిటీ స్థాయిలో ఇంతకన్నా కఠినమైన నిషేధాలు ఉండవచ్చు కనుక మీ ఊళ్లో విచారించండి. నిషిద్ధమైన సంచి మీద మీ పేరు, ఫోను నంబరు ఉంటే తనిఖీకి వచ్చినవారికి చిరునామా వెతికే పని కూడా ఉండదు.

నిజమైన నూలు గుడ్డతో కుట్టించిన సంచి మంచి వస్తువే, అమ్మగారి మాట సరైనదే. అయితే ఆడవారు దానిని బజారుకు పట్టుకెళ్లాలంటే సంచి నిండా మోటారు బొమ్మ, ఫోను నంబర్లు ఉండకూడదు. పెళ్లిళ్లలో ఇచ్చే తాంబూలం సంచులే చూడండి, వధూవరుల పేర్లు పెద్దగా వేసినవాటిని ఆ తర్వాత ఎవరూ బయటికి తీయరు. ఒక మూలన చిన్నగా పేరు వేసి, మిగతాది అందమైన అద్దకమో, సాదా రంగో ఉంచితే ఏళ్ల తరబడి వాడతారు. ఇల్లు కట్టుకుని మీ దగ్గర వైరింగు సామాను మొత్తం కొన్న కుటుంబాలకు మాత్రం ఇవ్వండి. స్క్రూలు, బల్బులు కొన్న ప్రతివారికీ అక్కరలేదు. మీ బడ్జెట్‌లో ఎప్పుడైనా ఇంకొంచెం వెసులుబాటు ఉండి, గృహప్రవేశానికి వెళ్లవలసి వస్తే, ఏటికొప్పాక లక్క బొమ్మో, కొండపల్లి బొమ్మో తీసుకువెళ్లండి. వాటి మీద పేరు వేయకుండా పెట్టె మీద మాత్రం వేయించండి.

లెక్కల_పద్దు

పన్ను ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం ఇవ్వలేదు కాబట్టి, ఇటువంటి షాపుల పద్దులు చూసేవాడిగా రాస్తున్నాను.

జీఎస్టీలో ముఖ్యమైనది ఇది. కేంద్ర జీఎస్టీ చట్టంలోని 17వ సెక్షను, 5వ ఉపసెక్షనులో ఉన్న హెచ్ క్లాజు ప్రకారం, కానుకగా గానీ, ఉచిత శాంపిల్‌గా గానీ ఇచ్చేసిన సరుకు మీద కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. క్యాలెండర్లు, సంచులు కొన్నప్పుడు బిల్లులో ఉన్న జీఎస్టీని మీరు మీ అమ్మకాల పన్నులోంచి తగ్గించుకోకూడదు, దానిని కూడా ఖర్చులోనే కలుపుకోవాలి. ప్రచారానికి ఇచ్చినది కానుక కిందికి రాదని వాదించేవారు ఉన్నారు గాని, మీ స్థాయి వ్యాపారానికి ఆ కొద్దిపాటి క్రెడిట్ కోసం నోటీసులు, వాయిదాలు కొనితెచ్చుకోవడం నేను సమర్థించను. మీరు కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద ఇంత శాతమని పన్ను కట్టే పద్ధతి) ఉంటే అసలు ఈ ప్రశ్నే లేదు, ఎందుకంటే మీకు ఏ క్రెడిట్టూ రాదు. ఏజెంటు చెప్పిన ధరలో జీఎస్టీ కలిసి ఉందో లేదో అడిగి, మొత్తం మీద లెక్క వేసుకోండి. అయితే ఒకటి కొంటే ఒకటి ఉచితం అనే పద్ధతి వేరు. రెండు వస్తువులనూ కలిపి ఒకే ధరకు అమ్మినట్లు లెక్కించాలని, వాటికి క్రెడిట్ తీసుకోవచ్చని 2019 మార్చిలో ఇచ్చిన సర్క్యులరులో వివరించారు. మీరు మోటారుతోపాటే ఏదైనా సామాను కలిపి ఒకే బిల్లులో ఒకే ధరకు ఇవ్వదలిస్తే దానిని చూడవచ్చు.

ఆదాయపు పన్నులో ఇది మామూలు వ్యాపార ప్రకటన ఖర్చే, పూర్తిగా చూపించుకోవచ్చు. అయితే ఒకే రోజున ఒకే వ్యక్తికి 10,000 రూపాయలకు మించి నగదుగా చెల్లిస్తే ఆ ఖర్చును ఒప్పుకోరు. ఏజెంటు అడ్వాన్సు నగదుగా అడిగితే ఇవ్వవద్దు, బ్యాంకు ద్వారా ప్రెస్సు పేరునే పంపండి. బిల్లుతోపాటు ఎవరెవరికి ఏమి ఇచ్చారో ఒక జాబితా, ప్రతి వస్తువు శాంపిల్ ఒకటి దాచి ఉంచండి.

మెకానిక్కులకు ఇచ్చేవాటిపై టీడీఎస్ (ఇచ్చేవారే తీసుకునేవారి పేరున ముందుగా కట్టే పన్ను) గురించి కూడా కొందరు భయపెడతారు. 2022 జూలై 1 నుంచి అమలైన నిబంధన ప్రకారం, వ్యాపార సంబంధం వల్ల ఒక వ్యక్తికి ఏడాదిలో 20,000 రూపాయలకు మించిన విలువగల వస్తువులు, సౌకర్యాలు ఇస్తే 10 శాతం టీడీఎస్ కట్టాలి. కాన్వాసు సంచి, కొలత టేపు ఆ దరిదాపులకు కూడా రావు. పైగా ముందటి ఏడాది టర్నోవరు కోటి రూపాయలు దాటని సొంత వ్యాపారులకు ఆ బాధ్యత లేదు. దీని అవసరం మీకు మరో వైపు నుంచి వస్తుంది: మోటార్ల కంపెనీ మీకు అమ్మకాల లక్ష్యం చేరినందుకు టీవీయో, విహారయాత్రో ఇస్తే, వారు మీ పాన్ నంబరు మీద ఈ పన్ను కడతారు. దానిని మీ ఆదాయంలో చూపించడం మరిచిపోవద్దు.

మెట్ట_మోటార్లు

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. ఏజెంటుకు ఈ ప్యాకేజీ వద్దని చెప్పేశాం. స్టిక్కర్లు, ముప్పై ఐదు మంది మెకానిక్కులకు కాన్వాసు సంచులు, పంచాంగం బాగున్న క్యాలెండర్లు 250, ఇల్లు కట్టుకున్నవారికి నూలు సంచులు కొన్ని, ఇవీ మేము అనుకున్నవి. సంచులు ఉగాది నాడు మెకానిక్కులందరినీ షాపుకు పిలిచి ఇవ్వాలని నాన్నగారు అన్నారు.

అనంతపురం వారిని ఒక్క మాట అడగాలి. స్టిక్కరు గళ్లలో మార్కరుతో రాసినది ఎండకు వెలిసిపోదా? వైండింగు తేదీ మారిన ప్రతిసారీ కొత్త స్టిక్కరు వేయాలా?

అనంత_బోర్లు

డబ్బా తలుపు లోపలి వైపు అతికిస్తే ఎండ నేరుగా తగలదు కనుక మంచి పర్మనెంటు మార్కరుతో రాసినది చాలాకాలం నిలుస్తుంది. అయినా పూర్తిగా నమ్మవద్దు. స్టేజీలు, లోతు, పైపు సైజు వంటి మారని వివరాలను షాపులో ఒక రిజిస్టరులో కూడా రాసి, ప్రతి స్టిక్కరుకు ఒక వరుస సంఖ్య వేయించి, అదే సంఖ్య కింద ఎక్కించండి. రాత చెరిగినా రైతు ఆ సంఖ్య చదివితే మీ దగ్గర వివరాలు దొరుకుతాయి. వరుస సంఖ్యలు వేయడం ప్రెస్సువారికి కష్టమైన పని కాదు, ముందే చెప్పాలి. వైండింగు తేదీ కోసం కింది భాగంలో ఒకే గడి కాకుండా నాలుగైదు గళ్లు ఒకదాని కింద ఒకటి పెట్టించండి. ప్రతిసారీ కింద రాసుకుంటూ పోవచ్చు. ఒకే మోటారుకు ఆ గళ్లు త్వరత్వరగా నిండుతున్నాయంటే తప్పు వైండింగులోనే కాక వోల్టేజిలోనో, ఫేజులోనో, పంపు ఎంపికలోనో ఉండవచ్చని అర్థం. అప్పుడు సింగిల్ ఫేజ్ ప్రివెంటరు (ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే పరికరం) ఉందో లేదో, అది పనిచేస్తోందో లేదో చూసి, రైతుకు విడమరిచి చెప్పండి.

ప్రెస్సుకు పంపే ముందు ఆ డిజైనును మీ మెకానిక్కుల్లో ఇద్దరికి చూపించండి. ఏ గడి ఎంత వెడల్పు ఉండాలో పొలంలో రాసేవారికే బాగా తెలుస్తుంది.